వాలిన చెట్ల మఫ్లర్

నోలీన్ క్రోజియర్‌ని పిరికిదని ఎవరూ అనలేదు. మా గొర్రెల ఊరు స్ట్రాత్‌బర్న్‌లో అయితే అసలే అనరు. తనకంటే బరువున్న పొట్టేలుని గడ్డం కింద చెయ్యేసి, మోకాలు అడ్డం పెట్టి, ఒక్క గుంజుతో కూలేసేది. చలికాలం పొద్దున రోడ్డంతా గాజులా గడ్డకట్టి ఉంటే మగవాళ్ళు టీ తాగుతూ ఎండ కోసం కాచుకునేవాళ్ళు. ఈమె గొర్రెల లారీ తీసుకుని కొండ దిగిపోయేది. ఉన్ని కత్తిరించే షెడ్లలో ముప్ఫై ఏళ్ళు పని చేసింది. ఎంత నోటిదురుసు కత్తెరగాళ్ళయినా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

అలాంటి మనిషికి కాగితం అంటే భయం. అక్షరాలున్న కాగితం ఏదైనా సరే, చేతికి ఇస్తే ఆమె మెడ మీద ఎర్రగా దద్దులు లేచేవి. ఆమెకి చదువు రాదన్న సంగతి ఊళ్ళో ఆమె మొగుడు డూగల్‌కి ఒక్కడికే తెలుసు. నాకూ తెలుసు. నాకు తెలుసన్నది మాత్రం ఆమెకి తెలియదు. జరిగినదాంట్లో సగం తప్పు అక్కడే ఉంది, అది నాది.

నా పేరు ఐవీ. ఊళ్ళో ఊలు దుకాణం నాదే. ఒక శుక్రవారం దుకాణం మూసేసి తలుపుకి కాగితం అంటించాను, "అంత్యక్రియలకి వెళ్తున్నాను, రేపు రండి" అని. లోపల కోటు తొడుక్కుంటూ ఉంటే నోలీన్ వచ్చింది. తలుపు ముందు నిలబడి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తరవాత తలుపు తట్టి, "ఇవాళ తెరిచే ఉంటావా ఐవీ?" అని అడిగింది. ఉండను, అంత్యక్రియలున్నాయి అన్నాను. "ఓహో, అదా," అని వెళ్ళిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ తరవాత గమనిస్తూ వచ్చాను. ఊలు ఉండల మీది చీటీలు ఎప్పుడూ చదివేది కాదు. ఉండని చెంపకి ఆనించి చూసుకునేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. అల్లిక పుస్తకాల వైపు వెళ్ళేదే కాదు. అడిగితే ఆమె తల దించుకోవాలి కదా అని నేను నోరు మూసుకున్నాను. అది మర్యాద అనుకున్నాను.

డూగల్ పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో గుండె ఆగి పోయాడు. అప్పటినుంచీ ఇంటికొచ్చే కవర్లన్నీ ఆమె రొట్టెల డబ్బాలో పడేసేదట. డబ్బా నిండాక కౌంటీ ఆఫీసుకి పట్టుకెళ్ళి, "కళ్ళజోడు విరిగిందమ్మా, కాస్త ఇందులో ఏముందో చూడు," అని గుమస్తా పిల్లకి ఇచ్చేది. రెండేళ్ళలో ఆ కళ్ళజోడు ఎన్నిసార్లు విరిగిందో.

అల్లిక విషయానికొస్తే ఆ చేతులు వేరు. ఆమె మఫ్లర్లు మెడకి చుట్టుకున్నవాళ్ళు తీయబుద్ధి కాక ఇంట్లో కూడా వేసుకుని తిరిగేవాళ్ళు. ఏ పుస్తకంలోనూ లేని అల్లికలు. ఏదీ రెండోసారి అల్లేది కాదు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఊరి అంబులెన్సు కోసం చందాల పని పెట్టుకున్నాం. మన ఊరి ఆడవాళ్ళ అల్లిక నమూనాలు పుస్తకంగా వేసి అమ్ముదామని ఏవిస్ మెకెరో అంది. ఆవిడ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో నలభై దాటినవాళ్ళు కూడా ఆవిడ ఎదురొస్తే జేబుల్లోంచి చేతులు బయటికి తీసేవాళ్ళు. ఎవరెవరు రాయాలని పేర్లు అడుగుతుంటే నేను నోలీన్ పేరు చెప్పేశాను. నోలీన్ ఆ మీటింగుకి రాలేదు. ఎందుకు చెప్పానంటే, ఈ సాకుతోనైనా నా దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పుకుంటుంది, నేను రాసిపెడతాను, ఆమె బరువు దిగుతుంది అనుకున్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను.

మర్నాడు దుకాణంలో చెప్పాను.

"నా పేరెందుకు చెప్పావ్?" అంది.

"నీకంటే బాగా అల్లేవాళ్ళెవరున్నారే?"

"నేనెప్పుడూ డిజైను చెయ్యలేదు. చేతికేదొస్తే అది అల్లుతా, అంతే."

"దాన్నే డిజైను అంటారు."

ఆమె బల్ల మీదున్న సూదుల డబ్బాని సర్దింది, మళ్ళీ సర్దింది. "రాయాలా?" అంది చివరికి.

"రాయాలి మరి. మిగతావాళ్ళు చూసి అల్లుకోవాలిగా."

ఇదిగో ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. ఆమె మెడ మీద దద్దులు లేచాయి. "ఎప్పటికి కావాలి?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది.

ఆమెకి ఏం అల్లాలో వెంటనే తట్టింది. పెళ్ళయిన కొత్తలో డూగల్ పనిచేసిన ఫారం సముద్రం పక్కన ఉండేది. అక్కడ దక్షిణం గాలికి చెట్లన్నీ ఒకే పక్కకి వాలిపోయి, తల దువ్వినట్టు ఉంటాయి. ఆ చెట్లు మఫ్లర్ మీదికి రావాలి. ఊలు బూడిద రంగు, మా దగ్గరి గొర్రెలదే.

మొదటిసారి ఆమె చేతులు మొరాయించాయి. ఇన్నాళ్ళూ ఎవరికోసం అల్లినా అది ఆ ఒక్కరి మెడకే. ఇది ముక్కూ మొహం తెలియనివాళ్ళు అల్లుకోవాల్సింది. ప్రతి కుట్టుకీ ఎందుకు అని జవాబు చెప్పాలి. చెట్టు వాలాలంటే ఒక వైపు ఊలు చుట్టి కన్నం వదలాలి, రెండో వైపు రెండు కుట్లు కలిపి జంట చెయ్యాలి. కన్నంతో ఒక కుట్టు పెరుగుతుంది, జంటతో ఒకటి తగ్గుతుంది, లెక్క సరిపోతుంది. కానీ జానెడు అల్లేసరికి చెట్లతోపాటు మఫ్లరే వాలిపోయింది. కింద అంచు ఒక చోట, పై అంచు ఇంకో చోట. కన్నం ముందూ జంట తరవాతా పెడితే అల్లిక మొత్తం ఎడమకి లాగుతుంది. అటు తిప్పి పెడితే కుడికి లాగుతుంది. సగంలో చెట్ల వాలు మార్చెయ్యొచ్చుగా, సరిపోతుంది అన్నాను నేను.

"గాలి ఒక్క పక్కనుంచే కదా వచ్చేది," అంది నోలీన్. "సగం చెట్లు అటెందుకు వాలతాయి?"

ఏడుసార్లు విప్పింది. ఎనిమిదోసారి దుకాణానికి వచ్చి బల్ల మీద పరిచింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య సన్నటి పట్టీ ఒకటి పెట్టింది, గాలికి చాపలా పడుకున్న గడ్డిలా ఉంది. అందులో మాత్రం జంట ముందు, కన్నం తరవాత. చెట్లు ఎడమకి లాగుతుంటే గడ్డి కుడికి లాగుతోంది. మఫ్లర్ గీత గీసినట్టు నిలబడింది. నేను దాన్ని ఎత్తి పట్టుకుని వెలుతుర్లో చూశాను. అంత అందమైనది నా దుకాణంలోకి అంతకుముందు రాలేదు.

"బాగుందా?" అంది. ఆమె కళ్ళు మఫ్లర్ మీద లేవు, తలుపు మీదున్నాయి.

"ఇంక రాయడమేగా," అన్నాను, పక్కకి చూస్తూ. అప్పటికైనా నోరు విప్పాల్సింది నేను.

రాతపని ఎలా చేసిందో నాకు తరవాత తెలిసింది. ఆమె దగ్గర పాతకాలపు మఫ్లర్ నమూనా కాగితం ఒకటుంది. పెళ్ళయిన ఏడు ఒక చలికాలమంతా డూగల్ దాన్ని పొయ్యి దగ్గర కూచుని ఆమెకి పైకి చదివి వినిపించాడు. ఏ వరసలో ఏం చదివాడో ఆమెకి గొంతుతో సహా గుర్తు. ఆ కాగితం ముందు పెట్టుకుని, డూగల్ మాట మనసులో అనుకుంటూ వేలు పెట్టి వెళ్ళి, ఇక్కడ 'కన్నం' అన్నాడు కాబట్టి ఈ గీతలు కన్నం, ఇక్కడ 'జంట' అన్నాడు కాబట్టి ఇవి జంట, అని పోల్చుకుంది. పోల్చుకున్నవి చూసి ముగ్గులా దిద్దింది. షెడ్డు పని అయ్యాక మధ్యాహ్నాలు అదే పని, ఐదు వారాలు. ఇరవై నాలుగు వరసలు. ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే కాగితాల మీద పిండి జల్లెడ బోర్లించేదట.

ఆ కాగితం నాకు తెచ్చి ఇచ్చినప్పుడు నేను నివ్వెరపోయాను. అక్షరాలు గొర్రెల మందలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అయినా చదవొచ్చు. నేను పొరబడ్డానేమో, ఈమెకి చదువు వచ్చేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. కౌంటీ ఆఫీసు మిషను మీద నాలుగు కాపీలు తీయించి నలుగురికి ఇచ్చాం. అచ్చుకి ముందు వాళ్ళు అల్లి చూడాలని ఏవిస్ పెట్టిన నియమం. ఆ నలుగురిలో ఒకరు ఏవిస్, ఒకరు షెడ్లలో ఉన్నిని నాణ్యత చూసి వేరు చేసే హూయా తె ఔ, ఇంకో ఇద్దరు అప్పచెల్లెళ్ళు.

అక్కడినుంచి రెండు వారాలు నోలీన్ నిద్రపోలేదు. రోజూ ఏదో వంకతో దుకాణానికి వచ్చేది. బొత్తాలు అడిగేది, కొనేది కాదు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఇంకా ఏం అనలేదే."

"హూయా ఏమీ అనలేదా?"

"నీ చేతిరాత చూసి కళ్ళు తిరిగాయంది."

అది హూయా వేళాకోళం. హూయా అందరినీ అలాగే అంటుంది. నోలీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "తమాషాకే అందిలే," అన్నాను. "తెలుసు," అంది. వెళ్ళేటప్పుడు చేతి తొడుగులు మరిచిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఏదీ మరిచిపోగా నేను చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం హాల్లో కలిశాం. అప్పటికి మే వచ్చింది, మా వైపు అది చలికాలం మొదలు. బయట చలిగాలి, వాన. చీజ్ రోల్స్ పళ్ళెం మధ్యలో పెట్టి, టీ పోసి, నలుగురూ అల్లినవి బల్ల మీద పరిచారు.

నాలుగూ వాలిపోయి ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగూ, ఒకే వైపుకి. నేను నోలీన్ వైపు చూశాను. ఆమె ఆ మఫ్లర్లనే చూస్తోంది. ఎదురుగా లారీ దూసుకొస్తుంటే కదలలేక నిలబడిపోయిన మనిషిలా ఉంది.

"నేను చేసింది చెడిందనుకున్నా," అంది హూయా. "నలుగురం ఒకేలా చెడగొట్టామంటే మనం చాలా కలిసికట్టుగా ఉన్నట్టే."

అప్పచెల్లెళ్ళు నవ్వారు. ఏవిస్ నవ్వలేదు. "కాగితంలో ఉన్నది ఉన్నట్టు అల్లాను," అంది. "కుట్ల లెక్క తప్పలేదు. కాబట్టి తప్పు కాగితంలోనే ఉంది. ఎక్కడో చూద్దాం. నోలీన్, తొమ్మిదో వరస చదువు."

కాగితం నోలీన్ ముందుకి జరిపింది. నోలీన్ దాన్ని అందుకుంది. కాగితం కొస గాలికి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. హాల్లో గాలి లేదు.

"కళ్ళజోడు తేలేదు," అంది.

"నీ నెత్తి మీదుందే తల్లీ," అంది హూయా.

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటుగా. నవ్వి, నోలీన్ కళ్ళలోకి చూసి, అప్పుడు ఆపాను. ఆమె కళ్ళజోడు తీసి పెట్టుకుంది. కాగితం మీదికి వంగింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఏవిస్ ఓపిగ్గా, బడిలో పిల్లల కోసం ఎదురు చూసినట్టు చూస్తోంది. అదే అన్నిటికంటే ఘోరం.

నోలీన్ కాగితం బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. కోటు కూడా తీసుకోలేదు.

నేను ఆ కోటు పట్టుకుని పరిగెత్తాను. ఆమె అప్పటికే ట్రక్కు స్టార్టు చేసింది. తలుపు లాక్కుని ఎక్కేశాను. దిగమనలేదు. ట్రక్కు దక్షిణం వైపు పోతోంది, అంత వానలో, అంత వేగంగా. వైపర్లు ఆడుతున్నా ముందేముందో కనిపించడం లేదు. నేను సీటు అంచు రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె నడపడం చూసి నేను భయపడింది అదొక్కసారే. రోడ్డు చూస్తోందా లేదా అన్నది కూడా తెలియలేదు.

సముద్రం గట్టు దగ్గర ఆపింది. అక్కడే ఆ చెట్లు. ఇంజను ఆపాక వాన చప్పుడు పెద్దదైంది.

"నాకు చదవడం రాదు," అంది.

"తెలుసు," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఎప్పట్నుంచీ?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళు తెలిసీ నా పేరిచ్చావా?"

నువ్వే చెప్తావనుకున్నాను అన్నాను, ఆ మాట నాకే నచ్చలేదు.

"చెప్తాననుకున్నావా. అరవై పిల్లల్ని చంపాను ఐవీ నేను. ఆ సంగతి చెప్పాల్సొచ్చినప్పుడే నోరు విప్పలేదు."

అప్పుడు చెప్పింది. అరవై ఎనిమిదిలో, ఈ గట్టు వెనకాల ఫారంలోనే. గొర్రెపిల్లలకి నులిపురుగుల మందు పట్టాలి. డూగల్ కంచె పనిలో ఉన్నాడు. షెడ్డులో రెండు డ్రమ్ములున్నాయి, రెండూ నీలం రంగే. ఒకటి తాగించే మందు. రెండోది గిట్టల పుళ్ళకి కాళ్ళు ముంచే మందు. డ్రమ్ముల మీద పెద్ద అక్షరాల్లో రాసే ఉంది. ఆమె ఎడమ పక్క డ్రమ్ము తీసుకుంది, ఎప్పుడూ తాగించే మందు అటే ఉంటుంది కాబట్టి. ఎవరో అటూ ఇటూ మార్చారు. సాయంత్రానికి పిల్లలు ఒక్కొక్కటే పడిపోయాయి. అరుపులు లేవు, ఊరికే మోకాళ్ళ మీద కూలబడ్డాయి. డూగల్ యజమాని దగ్గరికెళ్ళి, "మందు పట్టింది నేనే," అని చెప్పాడు. ఉద్యోగం పోయింది. ఇద్దరూ స్ట్రాత్‌బర్న్ వచ్చేశారు. చచ్చేదాకా ఆయన ఆ ఊసు ఎత్తలేదు.

"ఇవాళ ఆ బల్ల మీద నాలుగు మఫ్లర్లు చూస్తే నాకు అవే కనపడ్డాయి," అంది. "వరసగా."

"ఊలు చావదు నోలీన్. విప్పితే మళ్ళీ ఊలే."

ఆమె అద్దం మీద పేరుకున్న ఆవిరిని చేత్తో తుడిచి చెట్ల వైపు చూసింది. తరవాత అడిగింది, "వాళ్ళింకా హాల్లోనే ఉంటారా?"

"ఉంటారు. చీజ్ రోల్స్ అయ్యేదాకా హూయా కదలదు."

"నేను వెళ్ళకపోతే వాళ్ళు దాన్ని అలాగే అల్లుతారు," అంది. ట్రక్కు తిప్పింది. ఈసారి మెల్లగా నడిపింది, అంత మెల్లగా ఎప్పుడూ నడపలేదు. మధ్యలో రెండుసార్లు పక్కకి తీసి ఆపింది. రెండోసారి తలుపు తీసి వాంతి చేసుకుంది. వెనక్కి పోదామా, ఇంటి దగ్గర దింపమంటావా అన్నాను. మూతి తుడుచుకుని గేరు వేసింది.

హాల్లోకి వెళ్ళేసరికి నలుగురూ మాటలాపేశారు. నోలీన్ ఎవరి మొహం చూడకుండా ఏవిస్ దగ్గరికెళ్ళి ఆవిడ అల్లిన మఫ్లర్ తీసుకుంది. పదహారు వరసలు సర్రున విప్పి, కుట్లు సూదికెక్కించుకుంది.

"నేను అల్లుతూ పైకి చెప్తా," అంది నోలీన్. గొంతు బొంగురుగా ఉంది. "మీరు కాగితం చూస్తూ ఉండండి మిసెస్ మెకెరో. తేడా రాగానే ఆపండి."

అల్లింది. చెప్పింది. చెట్టు అయింది. గడ్డి పట్టీ దగ్గర "జంట, కన్నం" అంది.

"ఆగు," అంది ఏవిస్. "ఇక్కడ కన్నం, జంట అనుంది."

"చేతికి తెలుసు. కాగితం మీద తిరగబడింది." నోలీన్ సూదులు కింద పెట్టింది. "నాకు చదవడం రాదు. గీతలు చూసి దిద్దాను. ఏది ముందో ఏది వెనకో నాకు కాగితం మీద నిలవదు."

నేను ఏవిస్‌నే చూస్తున్నాను.

"ఎన్నేళ్ళు బడికెళ్ళావు?" అంది ఏవిస్.

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ళు హాజరు వేశారు నీకు." ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో చదును చేసింది, అది చదునుగానే ఉన్నా. "నా క్లాసులోనూ ఉండేవాళ్ళు అలాంటి పిల్లలు. బద్ధకం అనుకుని నిలబెట్టేదాన్ని. మధ్యాహ్నం దాకా నిలబెట్టేదాన్ని."

అప్పచెల్లెళ్ళలో చిన్నది టీ కప్పులు తీయడం మొదలుపెట్టింది. హూయా లేచొచ్చి నోలీన్ పక్కన కూచుంది.

"కళ్ళజోడు మాట అన్నందుకు నన్ను ఒక్కటి కొట్టు," అంది. "భుజం మీదే సుమా, పొట్టేలుని పడేసినట్టు పడేయకు."

నోలీన్ నవ్వలేదు. కానీ చెయ్యి లాక్కోలేదు.

"రాయకముందు లెక్క ఎలా గుర్తు పెట్టుకున్నావే?" అని హూయానే అడిగింది.

"బొమ్మ వేసుకున్నా."

"ఏ బొమ్మ?"

ట్రక్కులో ఉందంది. నేనెళ్ళి తెచ్చాను. గోడలకి అంటించే కాగితం చుట్ట, దాని వెనక వైపు గొర్రెల మీద గుర్తులేసే రంగు సుద్దతో గళ్ళు గీసి ఉంది. ఒక్కో గడి ఒక్కో కుట్టు. కన్నానికి సున్నా, జంటకి వాలు గీత. ఇరవై నాలుగు వరసలూ ఉన్నాయి, ఒక్క తప్పు లేకుండా. బల్ల మీద పరిస్తే దూరం నుంచి చూసినా చెట్లు కనిపిస్తున్నాయి. ఏవిస్ కళ్ళజోడు సర్దుకుని కింద నుంచి పైదాకా చూసింది. ఆ తరవాత, "ఇదే అచ్చు వేద్దాం. ఏ గుర్తు ఏమిటో కింద నేను రెండు ముక్కలు రాస్తాను, నోలీన్ చెప్పినట్టు," అంది. అప్పట్లో మా వైపు నమూనాలన్నీ మాటల్లోనే ఉండేవి. బొమ్మ చూసి ఎవరు అల్లుతారని అప్పచెల్లెళ్ళు సణిగారు, కానీ ఇంటికెళ్ళేలోపు ఇద్దరూ ఆ గళ్ళు చూసి ఒక చెట్టు అల్లేశారు.

దాంతో అంతా తేలిపోయిందని చెప్పను. పుస్తకం అచ్చుకి వెళ్ళేలోపు నోలీన్ ఆ బొమ్మని పదకొండుసార్లు మళ్ళీ అల్లి చూసింది. ఊరంతటికీ తన సంగతి తెలిసిపోయింది కదా, ఎవరెలా చూస్తారోనని నెల రోజులు మాంసం కొట్టుకి కూడా పోలేదు. కొందరు చూశారు కూడా. షెడ్లో ఒక కత్తెరగాడు ఆమెకి దినపత్రిక అందించి, "చదివి పెట్టు," అన్నాడట. హూయా అతని టీలో ఏం కలిపిందో నాకు తెలియదు, రెండు రోజులు పనికి రాలేదు.

పుస్తకాలు వచ్చిన రోజు నేను ఫోను చేశాను. ఎత్తలేదు. తొమ్మిది రోజులు దుకాణం వైపు రాలేదు. పదో రోజు రివర్టన్ ఊరి నుంచి ఎవరో ఆవిడ, మేమెవరమూ ఎరగని మనిషి, ఊలు కోసం వచ్చింది. మెడలో బూడిద రంగు మఫ్లర్. తిన్నగా ఉంది. నేను బల్ల వెనక నుంచి బయటికొచ్చి, అడక్కుండానే ఆవిడ మెడ దగ్గర అంచు పట్టుకుని చూశాను. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది, పాపం. నోలీన్‌కి ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. "రెండంచులూ చూశావా?" అంది.

ఏవిస్ మంగళవారాలు చదువు చెప్తానంది. నోలీన్ మూడు వారాలు వెళ్ళింది. ఆవిడ వంటింటి బల్ల ముందు కూచుని ఎర్ర పెన్సిల్ చూస్తే మళ్ళీ బడిలో కూచున్నట్టుందని మానేసింది. మరుసటి చలికాలం ఏవిసే నోలీన్ ఇంటికి రావడం మొదలుపెట్టింది, మామూలు పెన్సిల్‌తో. గంట చదువు, గంట అల్లిక. అల్లికలో నోలీన్ టీచరు, ఏవిస్ చేతులు మొద్దు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కష్టమయ్యేదో చెప్పలేను. నోలీన్ ఇప్పుడు చదువుతుంది, వేలు పెట్టుకుని, మెల్లగా. కన్నం ముందా జంట ముందా అన్నది మాత్రం ఈనాటికీ కాగితం మీద ఆమెకి తారుమారవుతుంది. అందుకే బొమ్మలే గీస్తుంది. ఇప్పటికి తొమ్మిది మఫ్లర్లు డిజైను చేసింది.

భయం పోయిందా అని ఒకసారి అడిగాను. పోలేదంది. పోతే డ్రమ్ము చూడకుండా పట్టుకునే రోజు మళ్ళీ వస్తుంది, పోకపోవడమే మంచిదంది.

పోయిన నెల తొమ్మిదోది తెచ్చింది. అలల అల్లిక. బొమ్మ నా చేతిలో పెట్టి, "నువ్వు ఒక్క అలంత అల్లి చూడు, నేను బయట ఉంటా," అని వెళ్ళి ట్రక్కులో కూచుంది. ఇంజను ఆపలేదు. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సూదులందుకున్నాను. ఆమె ముందుకే చూస్తూ కూచుంది, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. అంచులు తిన్నగా వచ్చాయని చూసుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది నాకు. ట్రక్కు అక్కడే ఉంది.